లాభం కాగితం మీద, జీతాలు ముప్పయ్యో తారీఖున

ఎనిమిది మంది పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీని ఊహించుకోండి. కొండాపూర్‌లో రెండు గదుల ఆఫీసు. ఒకే పెద్ద క్లయింటు, నెలకు 10 లక్షల బిల్లు. జీతాలు, అద్దె, సర్వర్లు, వాటి మీద పడే జీఎస్టీ అన్నీ కలిపి నెల ఖర్చు 7 లక్షలు. అంటే నెలకు 3 లక్షల పైనే మిగులు. పెళ్లిలో పక్క కుర్చీ చుట్టానికి ఈ లెక్క చెబితే "ఇంకేం బాబూ, సెటిలైపోయావ్" అంటారు.

ఇదే లెక్కకు తేదీలు తగిలించి చూద్దాం. ఏప్రిల్ 1న పని మొదలైంది. ఏప్రిల్ బిల్లు 30న వేశారు. ఒప్పందంలో 60 రోజుల గడువు, నిజానికి డబ్బు పడేది 70 రోజులకు. అంటే జూలై 10 దగ్గర. ఈలోగా ఏప్రిల్, మే, జూన్ ఖర్చులు 21 లక్షలు వెళ్లిపోయాయి. జీఎస్టీ మన చేతికి డబ్బు వచ్చిందా లేదా అని అడగదు, బిల్లు వేశామా లేదా అనే చూస్తుంది. 10 లక్షల మీద 18 శాతం, 1.8 లక్షలు. ఖర్చుల మీద మనం ముందే కట్టిన జీఎస్టీ (ఇన్‌పుట్) ఓ 20 వేలు పోతే 1.6 లక్షలు. ఏప్రిల్‌ది మే 20న, మేది జూన్ 20న కట్టాలి. మొత్తం 24.2 లక్షలు బయటికి పోయాక గానీ మొదటి రూపాయి లోపలికి రాదు. లాభాల్లో ఉన్న కంపెనీ సంగతి ఇది.

జూలై 10న కూడా వచ్చేది 11.8 లక్షలు కాదు. క్లయింటు 10 శాతం టీడీఎస్ (మన ఆదాయపన్ను కింద ముందే కోసి ప్రభుత్వానికి కట్టేది) పట్టుకుంటే 1 లక్ష అక్కడే ఆగుతుంది. (బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే టీడీఎస్ అసలు మొత్తం మీదే పడుతుంది. కలిపి ఒకే అంకె రాశారంటే దాని మీదా కోస్తారు.) ఏడాదికి అలా 12 లక్షలు. 38 లక్షల లాభం మీద 22 శాతం రేటు, సర్‌చార్జీ, సెస్సు అన్నీ కలిపినా పన్ను 10 లక్షలు దాటదు. మిగతా 2 లక్షల పైచిలుకు రిటర్ను వేసి రిఫండ్ వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. మొదటి ఏడాది నష్టం వస్తే ఆ 12 లక్షలూ అక్కడే. ఇక్కడ ఒక మాట అడిగి తీరాలి. టెక్నికల్ సర్వీసులకు టీడీఎస్ 2 శాతమే, ప్రొఫెషనల్ సర్వీసులకు 10. మన పని ఏ పద్దు కింద వేస్తున్నారో క్లయింటు అకౌంట్స్ వాళ్లను ఒప్పందం రోజే అడగండి. చాలాచోట్ల ఎందుకొచ్చిన గొడవలే అని 10 కోసేస్తారు. నష్టాల్లో ఉన్న కంపెనీ అయితే తక్కువ రేటు సర్టిఫికెట్‌కు ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఆర్థిక సంవత్సరం మొదట్లోనే చేయాలి. వచ్చేలోపు కోసిన పన్ను మళ్లీ చేతికి రాదు, రిఫండ్ కోసం చూడాల్సిందే.

ఈ కంపెనీకి ఇలాంటిదే రెండో క్లయింటు దొరికితే? సంబరం సరే, ఇంకో 24 లక్షలు ముందు పెట్టాలి. ఆర్డర్లు లేక మూతపడిన కంపెనీల గురించి అందరూ మాట్లాడతారు. ఆర్డర్లు ఎక్కువై ఊపిరాడక పోయిన వాటి గురించి ఎవరూ చెప్పరు.

ఫౌండర్ కష్టాలంటే ఐడియా, పోటీ, ఇన్వెస్టర్ల దగ్గర ప్రెజెంటేషన్లు అనుకుంటాం. అవీ ఉంటాయి. కానీ నిద్ర చెడగొట్టేవి ఎక్కువగా ఈ తేదీల మధ్య ఖాళీలే. ఆ ఖాళీ పడినప్పుడు అందుబాటులో ఉండే పర్సు ఇంటిదే. వ్యాపార సమస్య ఇంట్లోకి వచ్చే గుమ్మం అది.

బిల్లు ఎక్కడ ఆగుతుంది

బిల్లు ఆలస్యమయ్యేది క్లయింటు చెడ్డవాడు కాబట్టి అనుకోవద్దు. పదింట ఏడెనిమిది సార్లు కారణం చిల్లరగా ఉంటుంది. పర్చేజ్ ఆర్డర్ నంబరు రాయలేదు. క్లయింటుకు హైదరాబాద్‌లో ఒక జీఎస్టీ నంబరు, బెంగళూరులో ఇంకొకటి ఉంటే బిల్లు తప్పు దాని మీద పడింది. పని పూర్తయిందని సంతకం పెట్టాల్సిన మేనేజరు సెలవులో ఉన్నాడు. వెండర్ కోడ్ (క్లయింటు లెక్కల్లో మనకు ఇచ్చే నంబరు) ఇంకా తయారు కాలేదు. ప్రతి దానికీ బిల్లు వెనక్కి వస్తుంది, మళ్లీ పంపినరోజు నుంచి 60 రోజులు లెక్కపెడతారు. తిప్పి పంపేటప్పుడు ఫోన్ చేసి చెప్పే అకౌంట్స్ విభాగం అరుదు. మనం అడిగితేనే తెలుస్తుంది.

అందుకని ఒప్పందం మీద సంతకం అయిన రోజే పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైన కాగితం) పంపి వెండర్ కోడ్ తెప్పించుకోవాలి. పని మొదలుపెట్టేది ఆ తర్వాతే. మనకు పని ఇచ్చే మేనేజరు వేరు, డబ్బు వదిలే అకౌంట్స్ మనిషి వేరు. రెండో ఆయన పేరు, పేమెంట్లు నెలలో ఏయే తేదీల్లో వదులుతారో కనుక్కోండి. నెలకు రెండుసార్లే వదిలే కంపెనీల్లో ఒక్కరోజు తప్పితే రెండు వారాలు పోయినట్టే. ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించండి: పని అప్పగించిన 7 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పకపోతే ఆమోదించినట్టే. ఈ వాక్యానికి లీగల్ వాళ్లు పెద్దగా అడ్డుపడరు. అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడేవాళ్లు కనీసం 20 నుంచి 30 శాతం అడిగి చూడండి. వచ్చిన అడ్వాన్స్ మీద కూడా సర్వీసులకు జీఎస్టీ అప్పుడే పడుతుందని మాత్రం మరచిపోవద్దు. డబ్బు ఎప్పుడొస్తుందో తేలని చోట ముందు ప్రొఫార్మా (ఇంత అవుతుందని తెలిపే ముందస్తు బిల్లు) పంపి, పని ఆమోదం అయ్యాక అసలు బిల్లు వేయడం మంచిది. ప్రొఫార్మా మీద పన్ను పడదు. అలాగని పని అయిపోయాక నెలల తరబడి ప్రొఫార్మాతో లాగితే చెల్లదు, సర్వీసు అందించిన 30 రోజుల్లో ట్యాక్స్ ఇన్‌వాయిస్ వేయాలి.

చట్టం మన వైపే ఉంది. చిన్న సంస్థల కోసం 2006లో చేసిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. 60 రోజులని సంతకం పెట్టినా 45 దాటితే చెల్లదు. దాటాక రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆధార్, పాన్‌తో ఉచితంగా అయిపోతుంది, డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. పని మొదలుకాక ముందే చేయించుకోవాలి, బకాయి పడ్డాక చేయించుకున్న రిజిస్ట్రేషన్ పాత బిల్లులకు పనిచేయకపోవచ్చు. సరుకు కొని అమ్మే ట్రేడర్లకు ఈ 45 రోజుల రక్షణ వర్తించదు.

కేసు వేసేది ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా, ఈ బకాయిల గొడవలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొన్నవాళ్లు 75 శాతం డబ్బు ముందు జమ చేయాలి. గట్టి ఆయుధమే. కానీ ఉన్న ఒక్క పెద్ద క్లయింటు మీద దాన్ని దూసేదెవరు? అలాంటి చోట ఇన్‌కమ్ ట్యాక్స్ నిబంధనే మెత్తగా పనిచేస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో కట్టని మొత్తాన్ని, కట్టేవరకు, కొన్నవాళ్లు తమ ఖర్చుగా చూపించుకోలేరు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, "సూక్ష్మ సంస్థ" అన్న మాట కనబడేలా ముద్రించి, ఫిబ్రవరి చివర్లో మర్యాదగా ఒక స్టేట్‌మెంట్ పంపండి. మార్చి 31 లోపు దాన్ని తేల్చేయాలన్న తొందర వాళ్ల ఆడిటరే పెడతాడు.

ఇంకో దారి ట్రెడ్స్, చిన్న సంస్థల బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదికలు. 250 కోట్లకు పైబడిన టర్నోవర్ ఉన్న కంపెనీలు ఈ ప్లాట్‌ఫామ్‌లలో చేరి ఉండాలి. మన బిల్లును కొన్నవాళ్లు అక్కడ ఆమోదిస్తే బ్యాంకులు వేలంలో వడ్డీ పాడి డబ్బు ముందే ఇస్తాయి. చివరికి వాళ్లు ఎగ్గొట్టినా బ్యాంకు మన మీదికి రాదు. చిక్కల్లా ఆ ఆమోదం దగ్గరే, అదే మేనేజరు, అదే అకౌంట్స్ మనిషి.

సోమవారం అరగంట

ఒక ఎక్సెల్ షీటు చాలు. పైన అడ్డంగా 13 వారాల తేదీలు. మొదటి వరుసలో ఆ వారం మొదట్లో బ్యాంకులో ఉన్న డబ్బు. కింద రావాల్సినవి, ఒక్కో బిల్లు ఒక్కో వరుస. ఆ కింద పోవాల్సినవి: 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీ, నెలాఖరుకు జీతాలు, అద్దె. అట్టడుగున వారాంతపు నిల్వ. సాఫ్ట్‌వేర్లు కొననక్కర్లేదు. ప్రతి సోమవారం ఫౌండరే స్వయంగా కూర్చుని సరిచూడాలి. అకౌంటెంట్‌కు అప్పగిస్తే షీటు అందంగా తయారవుతుంది గానీ భయం మనకు అందదు.

రాబడి గళ్లలో ఆశ రాయకూడదు. "వచ్చే వారం పడిపోతుంది సార్" అన్న డబ్బును మూడు వారాల తర్వాత గడిలో వేయండి. పోవాల్సినవాటిని మాత్రం గడువు తేదీలోనే వేయండి. తర్వాత చివరి వరుసలో అన్నిటికంటే తక్కువ అంకె ఏ వారంలో పడిందో చూడాలి. అది ఒక నెల జీతాల కన్నా తగ్గితే పని మొదలుపెట్టాలి.

ఎనిమిది వారాల ముందే కనిపిస్తే అడ్వాన్స్ అడగొచ్చు, ట్రెడ్స్‌లో పెట్టొచ్చు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌కు కాగితాలు ఇవ్వొచ్చు, కొత్త మనిషిని చేర్చుకోవడం ఒక నెల ఆపొచ్చు. రెండు వారాల ముందు కనిపిస్తే మిగిలేవి బంగారం, చిట్టీ, చేబదులు. రెండు రోజుల ముందైతే క్రెడిట్ కార్డు, నెలకు 3 నుంచి 3.75 శాతం. ఎంత ఆలస్యంగా కళ్లు తెరిస్తే అంత ఖరీదైన డబ్బు.

బ్యాంకు ఖాతాలు కనీసం రెండు ఉండాలి. వసూలైన ప్రతి మొత్తంలోంచి జీఎస్టీ వాటా, ఉద్యోగుల జీతాల్లో కోసిన టీడీఎస్, పీఎఫ్ అదే రోజు రెండో ఖాతాలోకి పంపి దాని డెబిట్ కార్డు కూడా తీసుకోకండి. ఇది క్రమశిక్షణ కోసం చెప్పే మాట అనుకోవద్దు. ఉద్యోగి జీతంలో కోసిన పీఎఫ్ కట్టకపోతే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు పడుతుంది. కోసిన టీడీఎస్ కట్టకపోవడం కూడా జైలు దాకా వెళ్లే నేరమే. దానికి నెలకు 1.5 శాతం వడ్డీ, ఒక్కరోజు దాటినా పూర్తి నెల లెక్క. జీఎస్టీ ఆలస్యానికి ఏడాదికి 18 శాతం. ప్రైవేట్ లిమిటెడ్ అంటే మన ఆస్తులకేమీ కాదన్న నమ్మకం ఒకటుంది. కంపెనీ నుంచి రాబట్టలేని జీఎస్టీకి డైరెక్టర్లు బాధ్యులే, తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోగలిగితే తప్ప.

ఇంటి పర్సు

మామగారు 5 లక్షలు ఇస్తానన్నారు, బావమరిది ఇంకో 5. మంచి మనసుతోనే. కంపెనీ ఖాతా నంబరు పంపిస్తాం, వాళ్లు వేసేస్తారు. చిక్కు అక్కడ మొదలవుతుంది. ప్రైవేట్ కంపెనీ తన డైరెక్టర్ల దగ్గర, వాళ్ల బంధువుల దగ్గర అప్పు తీసుకోవచ్చు. కానీ కంపెనీ చట్టం లెక్కలో బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, కోడలు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యులు. మామగారు లేరు, బావమరిదీ లేడు, స్నేహితుడు సరేసరి. షేర్లు లేని వాళ్లు అప్పుగా వేసిన డబ్బు డిపాజిట్ కిందికి వస్తుంది, చిన్న కంపెనీకి డిపాజిట్లు తీసుకునే హక్కు లేదు. ఇన్వెస్టర్ వచ్చి కాగితాలు తిరగేసే రోజున మొట్టమొదట బయటపడేది ఇదే.

తమాషా ఏమిటంటే ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టానికి మామగారూ బావమరిదీ ఇద్దరూ బంధువులే. వాళ్లు నిజంగా బహుమతిగా ఇస్తే పన్ను పడదు. ఆ డబ్బు ఫౌండర్ సొంతమవుతుంది, అప్పుడు డైరెక్టర్‌గా కంపెనీకి అప్పు ఇవ్వొచ్చు. "ఇది నేను అప్పు తెచ్చిన డబ్బు కాదు" అని రాసివ్వాలి. అందుకే పర్సనల్ లోన్ తీసి కంపెనీలో వేయడం కూడా తప్పే, రాసిచ్చిన కాగితం అబద్ధమవుతుంది. ఏటా జూన్ 30 లోపు డీపీటీ-3 ఫారంలో ఈ అప్పులు చూపించాలి. ఊరికే బహుమతిగా ఇవ్వదలచుకోని చుట్టానికి షేర్లు ఇవ్వడమే సరైన దారి. అలా ఇచ్చేటప్పుడు డబ్బు విడి బ్యాంకు ఖాతాలో పడాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే ఆ తర్వాతి 15 రోజుల్లో వాపసు, అదీ దాటితే 12 శాతం వడ్డీ. నగదు రూపంలో 20 వేలు, ఆపైన ఎవరి దగ్గరా అప్పు తీసుకోవద్దు. ఎంత తీసుకుంటే అంత జరిమానా.

చిట్టీ సంగతి వేరు. మనవైపు ఎన్నో చిన్న కంపెనీల మొదటి జీతాలు పాడుకున్న చిట్టీల్లోంచి వచ్చినవే. నెలకు 50 వేలు, 20 నెలలు, 10 లక్షల చిట్టీని మూడో నెలలో 30 శాతం పాటకు ఎత్తితే చేతికి 7 లక్షలు వస్తాయి. మిగతా 17 నెలలూ డివిడెండ్ పోను కడుతూనే ఉండాలి. ఆ వాయిదాలను కూడా 13 వారాల షీటులో వేస్తే, ఒక నెల జీతాల కోసం ఏడాదిన్నర బరువు ఎత్తుకున్న సంగతి కళ్లకు కడుతుంది. పైగా ఎత్తేటప్పుడు జామీనుదార్లు కావాలి, ప్రభుత్వ ఉద్యోగులైతే మేలంటారు. టీచరు ఉద్యోగం చేసే పెదనాన్న సంతకం పెడతారు. వాయిదా తప్పితే నోటీసు వెళ్లేది ఆయన స్కూలుకు.

బ్యాంకు వైపు సీజీటీఎంఎస్‌ఈ (చిన్న సంస్థల అప్పులకు పూచీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీతో తనఖా లేకుండా, మూడో మనిషి జామీను లేకుండా అప్పు దొరుకుతుంది. 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 కోట్లు. అయినా డైరెక్టర్ల వ్యక్తిగత గ్యారంటీ బ్యాంకులు మామూలుగా అడుగుతాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే. కంపెనీ ఆస్తులు అమ్మాకే మన దగ్గరికి రావాలన్న నియమం లేదు, బ్యాంకు నేరుగా గ్యారంటీదారు మీదికి రావచ్చు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే ఉంది. కాబట్టి గ్యారంటీకి ఒక మొత్తం దగ్గర పరిమితి అడగండి. ఇద్దరు ఫౌండర్లుంటే ఇద్దరూ పెట్టాలి. "నీకు సొంత ఇల్లుంది కదా, నువ్వు పెట్టు" అన్న మాటకు ఒప్పుకోవద్దు. ఇక సెక్యూరిటీకని ఖాళీ చెక్కులు ఇవ్వడం. చెక్కు వెనక్కి వస్తే 30 రోజుల్లో నోటీసు, అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు, రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా. తప్పదనుకుంటే మొత్తం రాసి, వెనక ఏ ఒప్పందానికి ఇస్తున్నామో రాసి, ఫొటో తీసుకుని ఇవ్వండి.

ఫౌండర్ జీతం తీసుకోవాలా? తీసుకోవాలి, 30 వేలైనా సరే. జీతం తీసుకోని ఫౌండర్ కంపెనీ లెక్కల్లో కనిపించే లాభం నిజం కాదు. ఆ స్థానంలో వేరే మనిషిని పెడితే ఎంత అవుతుందో అంత దాచినట్టు. పైగా రెండేళ్లు రిటర్నుల్లో ఆదాయం లేకపోతే హోమ్ లోన్ రావడం కష్టం.

ఉద్యోగం వదిలేముందు చేయాల్సినవి రెండున్నాయి. టర్మ్ ఇన్సూరెన్స్ జీతం స్లిప్పు ఉన్నప్పుడే తీసుకోండి, ఎంత కవర్ ఇవ్వాలో ఆదాయం చూసే తేలుస్తారు. ఆఫీసు హెల్త్ పాలసీ చివరి పనిదినంతో పోతుంది. అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుందేమో రాజీనామా పెట్టకముందే అడగండి. కొత్తగా తీసుకుంటే ముందే ఉన్న షుగరు, బీపీలకు మూడేళ్ల వరకు వెయిటింగ్ ఉండొచ్చు. అమ్మానాన్నలకు 65 దాటాక ఈ మూడేళ్లు చిన్న విషయం కాదు.

ఇంటి ఖర్చులకు ఏడాది మొత్తం విడిగా పెట్టుకోమంటారు. చాలామంది నెల ఖర్చును 12తో గుణించి సరిపెడతారు, తేలేది తక్కువ. జూన్‌లో స్కూలు ఫీజు, సంక్రాంతికి ఊరి ప్రయాణం, ఎల్‌ఐసీ ప్రీమియం, ఏడాదికి రెండు మూడు పెళ్లిళ్ల చదివింపులు నెల ఖర్చులో కనిపించవు. 13 వారాల షీటులోనే ఇంకో పేజీ పెట్టి ఇంటివి కూడా వేయండి. నెలకోసారి ఆ రెండు పేజీలూ భార్యకో భర్తకో చూపించాలి. ఒకే పేజీలో కూడదు, చూపించకపోవడమూ కూడదు. దాచిన అప్పు బ్యాంకు ఏజెంటు ఫోన్ ద్వారా తెలిసినప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు. దీంతోపాటు ఒక కాగితం మీద హద్దు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి: ఇంటి నుంచి ఇంత మొత్తం దాటదు, ఫలానా తేదీకి నెలకు ఇంత రాకపోతే ఉద్యోగం వెతుక్కోవాలి. తల బాగున్నప్పుడే ఇది రాసుకోవాలి. మునుగుతున్నప్పుడు ఎవరికైనా ఇంకో మూడు నెలలు చాలనిపిస్తుంది. నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగుతుంటే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

సగం సగం

ఇంజినీరింగ్ స్నేహితులిద్దరు, 10 వేల షేర్లు, చెరి 5 వేలు. ఎనిమిదో నెలలో ఒకరికి అమెరికా ఉద్యోగం వచ్చింది. షేర్లు ఆయన దగ్గరే ఉన్నాయి, పని మొత్తం ఇక్కడివాళ్లది. ఏ ఇన్వెస్టరూ పని చేయని సగం వాటాదారు ఉన్న కంపెనీలో డబ్బు పెట్టడు.

వెస్టింగ్ ఒప్పందం (పనిచేసిన నెలలను బట్టే షేర్లు సొంతమవుతాయన్నది) మొదటి నెలలోనే రాసుకుంటే ఈ గొడవ ఉండదు. వాడుకలో ఉన్న లెక్క 48 నెలలు, మొదటి ఏడాది నిండకుండా వెళ్తే ఏమీ రాదు. ఎనిమిదో నెలలో వెళ్తే సున్నా. 18వ నెలలో వెళ్తే 5,000లో 18/48, అంటే 1,875 ఉంచుకుని 3,125 వదిలేయాలి. ఎవరికి, ఎంతకు అన్నది కూడా రాయాలి. కంపెనీయే వెనక్కి కొనడానికి పరిమితులున్నాయి, మిగిలిన ఫౌండర్ పేర బదిలీ సులువు. 10 రూపాయల ముఖవిలువకు 31,250 రూపాయలు. అయితే కంపెనీ విలువ అప్పటికే పెరిగి ఉంటే మార్కెట్ ధరకు, ఈ ధరకు తేడా మీద కొన్నవారికి పన్ను పడొచ్చు. ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

షేర్లు తేలినా తాళాలు తేలవు. డొమైన్ ఎవరి పర్సనల్ మెయిల్ మీద ఉంది? ప్లే స్టోర్ ఖాతా, సర్వర్ ఖాతా, కోడ్ ఉన్న గిట్‌హబ్ ఖాతా? జీఎస్టీ పోర్టల్ ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తోంది? 20వ తేదీ రాత్రి పదకొండింటికి వెళ్లిపోయిన భాగస్వామికి ఫోన్ చేసి ఓటీపీ అడగాల్సి రావడం అవమానంగా ఉంటుంది, ఎత్తకపోతే లేట్ ఫీజూ పడుతుంది. కంపెనీ పేరుతో ఒక సిమ్, ఒక మెయిల్ తీసుకుని అన్నీ వాటి మీదికి మార్చండి. కోడ్ కంపెనీదే అని ఇద్దరూ రాసివ్వాలి, ముఖ్యంగా కంపెనీ పుట్టకముందు రాసినదానికి. ఇద్దరే డైరెక్టర్లున్నప్పుడు ఒకరు రాజీనామా చేస్తే బోర్డు మీటింగుకు కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఉండదు. రాజీనామా అమల్లోకి రాకముందే మరొకరిని తీసుకోవాలి.

జీతం ఆలస్యమైతే

31న చెప్పకండి, 20నే చెప్పండి. ఆ పది రోజుల్లో ఇంటి అద్దె ఎలా సర్దుకోవాలో వాళ్లు చూసుకుంటారు. ముందు తక్కువ జీతం వాళ్లకు పూర్తిగా ఇవ్వండి, తర్వాత పెద్ద జీతాలకు సగం, ఫౌండర్లు చివర. మిగతాది ఏ తేదీన ఇస్తారో మెయిల్‌లో రాయండి. ఆ తేదీ కూడా తప్పితే మంచివాళ్లు ముందు వెళ్లిపోతారు, వాళ్లకే బయట పని త్వరగా దొరుకుతుంది. జీతానికి బదులు షేర్లు ఇస్తామన్న మాట అప్పుడు ఎత్తవద్దు.

మూయాల్సి వస్తే

వదిలేసిన కంపెనీ తనంతట తాను చావదు. ఏటా వేయాల్సిన ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను) ఫారాలకు ఆలస్యం రుసుము ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. రెండూ ఏడాదిపాటు మరిచిపోతే 73 వేలు. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులు. వచ్చే కంపెనీ పెట్టడానికీ ఉండదు.

వరుస ఇది. ముందు ఉద్యోగుల బాకీలు, పీఎఫ్. తర్వాత సరఫరాదారులు, అప్పులు. జీఎస్టీ రద్దుకు దరఖాస్తు, రద్దయ్యాక మూడు నెలల్లో తుది రిటర్ను జీఎస్టీఆర్-10. దీన్ని చాలామంది మరచిపోతారు. రిఫండ్‌లు ఏవైనా రావాల్సి ఉంటే బ్యాంకు ఖాతా మూయడానికి ఆగండి, మూసిన ఖాతాకు వచ్చిన రిఫండ్ తిరిగి వెళ్లిపోతుంది. అవి అందాక ఖాతా మూసి, మిగిలిన ఫారాలన్నీ వేసి, కంపెనీ పేరు రిజిస్టర్లోంచి తీసేయమని ఎస్‌టీకే-2 ఫారం పెట్టాలి. రుసుము 10 వేలు. బాకీలేమీ లేవని, తేలితే తామే భరిస్తామని డైరెక్టర్లు ఇండెమ్నిటీ బాండు రాసివ్వాలి. సాధారణంగా గత రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం జరగని కంపెనీకి ఈ దారి. కాబట్టి ఆఖరి బిల్లు ఏ నెలలో వేశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు దాచాలి, జీఎస్టీ నోటీసులు మూసిన తర్వాత కూడా వస్తాయి. అవి వచ్చేది రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన కంపెనీ మెయిల్‌కూ, సిమ్‌కూ. డొమైన్ రెన్యూవల్‌నూ, ఆ నంబరు రీచార్జినీ ఇంటి ఖర్చుల పేజీలో రాసిపెట్టుకోండి.